ఇస్త్రీ పెట్టె ఎవరి చేతిలో

మా వదినకు కోపం రాదని ఆ వీధంతా చెప్పుకుంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కోపం రాకపోవడానికి ఆవిడేమైనా గోడా? వచ్చిన కోపాన్ని వచ్చినట్టే మింగేయడం ఆ ఇంట్లో చిన్నతనంలోనే అలవాటు చేశారు. తర్వాత దానికి మంచితనం అని పేరు పెట్టి అందరూ హాయిగా కాలం గడిపారు.

వదిన అంటే మా ఆయనకు అక్క. ఆ ఇంట్లో పిల్లలు ముగ్గురు. పెద్దది ఈవిడ. తర్వాత మా బావగారు, ఇంట్లో ఆయన్ని పెద్దోడు అంటారు. ఆఖరివాడు మా ఆయన, చిన్నోడు. పెద్ద రోడ్డు మీది నుంచి లోపలికి తిరిగే సందులో, తాళాలు బాగుచేసే కొట్టుకూ మందుల దుకాణానికీ మధ్యన వాళ్ళ లాండ్రీ. మామగారు పెట్టిన కొట్టు. ముందు కౌంటరు, దాని వెనక ఇస్త్రీ బల్ల, ఇంకా వెనక ఉతికే మిషన్లు. చెక్క మెట్లెక్కితే పైన రెండు గదుల కాపురం. ఏ వేళప్పుడు వెళ్ళినా ఆ ఇంట్లో తడి గుడ్డ మీద వేడి పెట్టె పెట్టిన వాసన వస్తుంది. దిండు గలీబుల్లోకి కూడా ఎక్కేసిందది.

మామగారు పోయాక కొట్టంతా వదినే నడుపుతోంది. తెల్లారకముందే మిషన్లు వేసి, పొద్దెక్కేసరికి బల్ల దగ్గర నిలబడుతుంది. చొక్కాకి ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు, ఒళ్ళు ఆఖర్న. గుండీల వైపు తిరగేసి వెనక నుంచి లాగుతుంది. చిన్నప్పటి నుంచి బరువు పెట్టె తోసి తోసి ఆవిడ కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి దిగిపోయింది. ఖాతాదార్లందరికీ ఆవిడ ఇస్త్రీ అక్క. నోరు లేనిదేం కాదు, హాస్యమూ తెలుసు. ఒక పెద్దమనిషి కోటు జేబులో రెండు సినిమా టిక్కెట్లు దొరికితే, ఆయన భార్య బట్టలు తీసుకోవడానికి వచ్చినప్పుడు నోరు మెదపకుండా, ఆయన వచ్చినప్పుడు మాత్రం, "సినిమా బాగుందా అండీ? మీ పక్కన కూర్చున్నవాళ్ళకి నచ్చిందా?" అని అడిగిందట. ఆ మనిషి ఆ తర్వాత జేబులు ఖాళీ చేసి గానీ బట్టలు వెయ్యలేదు.

ఆ ఇంటివాళ్ళకు ఒక అలవాటుంది. పెట్టె ఎంత కాలిందో చూడాలంటే అందరూ నీళ్ళ చుక్క చల్లుతారు. వీళ్ళు పెట్టెను బుగ్గ దగ్గరికి తెచ్చుకుంటారు. తగలనివ్వరు. కాస్త దూరంలో ఆపి, ఓ క్షణం కళ్ళు మూసుకుని, ఈ వేడి దేనికి పనికొస్తుందో చెప్పేస్తారు. మామగారి దగ్గర నుంచి వచ్చిన పద్ధతి. కొత్తగా చూసేవాళ్ళకి గుండె జారిపోతుంది. నాకు ఇప్పటికీ జారుతుంది.

మా ఆయన ఎడమ బుగ్గ మీద, కంటి కింద నుంచి దవడ దాకా, పెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ ఉంది. అక్కడ చర్మం నున్నగా మెరుస్తుంది, గడ్డం మొలవదు. లిఫ్టులు బాగుచేయడం ఆయన పని. నేను అదే కంపెనీలో ఫిర్యాదులు రాసుకునే ఫోను దగ్గర కూర్చుంటాను. ఇరుక్కుపోయినవాళ్ళ తిట్లన్నీ నేను తినేదాన్ని, ఆయన వెళ్ళి తలుపు తీసి దండాలు పెట్టించుకునేవాడు. ఇదేం న్యాయమని ఫోనులో గొడవపడి గొడవపడి పెళ్ళి చేసుకున్నాం. లిఫ్టు గొయ్యిలో తనకు ప్రాణానికి హాయిగా ఉంటుందని ఆయన ఒకసారి అన్నాడు. అక్కడ ముఖం ఎవరికీ కనబడదు కదా అన్నాడు.

ఆ మచ్చ కథ నాకు మొదట చెప్పింది మా అత్తగారు. పెళ్ళికి ముందు నన్ను చూపించడానికి ఆయన తీసుకెళ్ళిన రోజే చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. "వాళ్ళ నాన్న బుగ్గ దగ్గర పెట్టి చూస్తాడు కదమ్మా, వీడూ నాన్నంతవాడు అవుదామనుకున్నాడు! దాన్ని కాపలా పెట్టి నేను మిద్దె మీదికి వెళ్తే, అది పెట్టె వదిలేసి కిటికీ దగ్గర నించుంది. పిల్లలు, ఏం తెలుస్తుంది!" అంది. ఆ 'అది' అప్పుడు మా ఎదురుగానే కూర్చుని పరదాలు మడత పెడుతోంది. తల ఎత్తలేదు. మడత మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచేసుకుంది.

మా ఆయన చెప్పే కథ వేరు. పెళ్ళయిన కొత్తలో, ఆ బుగ్గ మీద చెయ్యి వేస్తే ఆయన తల పక్కకి తిప్పుకుని చెప్పాడు. "నేనేం పెట్టుకోలేదు. అక్క పెట్టింది. నాకు గుర్తుంది. నీలం చెయ్యి, దాని బడి యూనిఫాం చెయ్యి. ఆ చేతిలో పెట్టె. అమ్మ దాన్ని వెనకేసుకొచ్చి అలా చెప్తుంది" అన్నాడు. అప్పటికి ఆయనకి నిండా నాలుగేళ్ళు లేవు. ఆ వయసు జ్ఞాపకాన్ని ఎంత నమ్మాలో నాకు తెలియదు. కానీ ఆయన చెప్పింది నటన కాదు.

ఇక మా బావగారిది మూడో కథ. ఆయన బీమా ఏజెంటు, మాటకారి. చావు గురించి కూడా చిరునవ్వుతో చెప్పగలడు. "ఆ రోజు నేను జ్వరంతో బడి మానేసి వెనక గదిలో పడుకున్నానమ్మా. కేక విని వచ్చేసరికి అక్క చేతిలో పెట్టె ఉంది. కావాలని చేసిందని నేనననుగానీ..." అని ఆ 'గానీ' దగ్గర ఆపేసేవాడు. ఆ 'గానీ' ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో వేలాడుతోంది. వదిన దాని కిందే నిలబడి ఇస్త్రీ చేస్తోంది.

ఆ సంఘటన జరిగిన మర్నాడే మామగారు ఆవిడ బడి మానిపించారు. కొట్టలేదట, తిట్టలేదట. "నా కళ్ళ ముందు ఉండు" అని తీసుకొచ్చి ఆ బల్ల దగ్గరే, అదే పెట్టె చేతికిచ్చి నిలబెట్టారు. లెక్కల్లో ఆవిడ క్లాసులో మొదటిదట. ఆ సంగతి నాకు చెప్పింది తాళాల కొట్టు ముసలాయన, ఇంట్లోవాళ్ళు కాదు. పెళ్ళి మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు తమ్ముడి బుగ్గ సంగతి అవతలివాళ్ళ చెవిన వేసేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆ మాట ఎత్తడమే మానేశారు.

మాకు పాప పుట్టింది. వదిన చూడటానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. ఎత్తుకోండి వదినా అని చాపితే, "చేతులకి గంజి ఉందమ్మా" అని వెనక్కి పెట్టుకుంది. స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చిన మనిషి చేతులకి గంజి ఎక్కడిది? మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. నాకు ఆ ఇద్దరి మీదా కోపం వచ్చింది.

నా సెలవు అయిపోవస్తోంది. అంత పసివాళ్ళని చూసుకునే చోటు దగ్గరలో దొరకలేదు. అప్పుడు వదిన నాకు ఫోను చేసింది. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి, అడగడానికి ఎంత సిద్ధం కావలసి వచ్చిందో, ముందు నా ఆరోగ్యం అడిగింది, వాతావరణం అడిగింది, మా ఇంటి కుళాయి బాగైందా అని అడిగింది. చివరికి, "నువ్వు ఉద్యోగానికి వెళ్ళాక దాన్ని నా దగ్గర దింపరాదూ? బల్ల దగ్గరికి మనిషిని పెట్టుకుంటా. నేను పైనే ఉంటా. కిందికి దిగను" అంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరేనన్నాను. మా ఆయన్ని అడగకుండా అన్నాను, అది వేరే సంగతి.

సాయంత్రం ఆ మాట చెప్పేసరికి ఆయన అంతెత్తున లేచాడు. "నా పిల్లని దాని చేతికా? ఈ బుగ్గ చూసి కూడా నీకు బుద్ధి లేదా?" అన్నాడు. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. మూడో రోజు ఆయనే ఒక దారి చెప్పాడు. అమ్మ పైన ఖాళీగానే ఉంటుంది, పాప అమ్మ దగ్గర ఉంటుంది, అక్క ఎప్పట్లా కింద కొట్టులో ఉండాలి, పాపని ఒంటరిగా ముట్టుకోకూడదు. ఈ షరతు అక్కకి చెప్పడానికి నోరు రాక అన్నయ్యని పిలిచాడు. బావగారు ఒప్పుకున్నాడు. చేదు మాటని తియ్యగా చెప్పడమే కదా ఆయన వృత్తి.

ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి అందరం పై గదిలో కూర్చున్నాం. వదిన టీ పెట్టి ఇచ్చింది. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చేతిరుమాళ్ళు మడత పెడుతోంది. బావగారు గొంతు సవరించుకుని, వయసు, ఓపిక, కొట్టు బాధ్యత అంటూ ఎక్కడెక్కడో తిరిగి, "నీకు శ్రమ ఎందుకని అక్కా, పాపని అమ్మే చూసుకుంటుంది, నువ్వు కింద నీ పని నువ్వు చూసుకుందువు గాని" అని దించాడు. వదిన ముఖంలో రంగు మారింది. అయినా తల ఊపింది. మింగేసింది అనుకున్నాను.

అప్పుడే పాప ఏడుపు మొదలుపెట్టింది. ఊరుకోబెట్టినా ఊరుకోదు, గుక్క పట్టింది. అత్తగారు రుమాళ్ళు పక్కన పెట్టి చేతులు చాపింది. "ఇలా ఇవ్వమ్మాయ్."

నేను పాపని అందించబోయాను.

"ఇవ్వకు."

అది వదిన గొంతని నాకు వెంటనే తెలియలేదు. ఆ గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. లేచి నిలబడి ఉంది. నా చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

"ఏంటక్కా?" అన్నాడు మా ఆయన.

"అమ్మ దగ్గర దాన్ని ఒంటరిగా వదలకండి. నాకు ఇవ్వకపోతే మానెయ్యండి, నాకేం పర్లేదు. ఎక్కడైనా వదలండి. అమ్మ దగ్గర మాత్రం వద్దు."

"నువ్వా చెప్పేది? ఈ మొహం చూసి చెప్పు ఆ మాట!"

"ఆ మొహం చూసే చెప్తున్నా చిన్నోడా. ఆ రోజు నేను బళ్ళో ఉన్నాను. బడి వదిలి ఇంటికొచ్చేసరికి నీ కేక మెట్ల కింద వినబడింది."

"అబద్ధం. పెట్టె నీ చేతిలో ఉంది. నీలం చెయ్యి. నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తుంది."

"ఉంది. నేను కాదన్నానా? అమ్మ చేతిలోంచి లాక్కుంటే నా చేతిలోకే కదరా వస్తుంది."

మా ఆయన నవ్వాడు. అంత వికారమైన నవ్వు నేను ఎప్పుడూ చూడలేదు. "బాగుంది. పిల్లని పెంచాలని ఆశ ఉంటే మాత్రం, ఇన్నేళ్ళ తర్వాత అమ్మ మీదికి తోసేస్తావా? అన్నయ్యా, విన్నావా?"

బావగారు రెండు చేతులూ ఎత్తి ఇద్దరినీ సముదాయించబోయాడు. ఎవరు ఎక్కడ గొడవపడినా మధ్యలోకి వెళ్ళి చల్లార్చడం ఆయనకి అలవాటు. ఆ అలవాటే ఆయన కొంప ముంచింది. "ఒరే, నువ్వు ఆగు. అక్కా, నువ్వు కూడా... ఆ రోజులు వేరే కదా. పురిట్లో పిల్ల పోయి అమ్మ అప్పుడు మనిషిలా లేదు. ఎటో చూస్తూ కూర్చునేది. ఇప్పుడలా కాదుగా, ఇప్పుడు బాగానే ఉంది కదా!"

ఆ మాట అన్నాక కూడా, తను ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. నాకు తెలిసింది. వదినకి తెలిసింది. ఆవిడ పెద్దోడి వంక చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. మా ఆయనకి కాస్త ఆలస్యంగా అర్థమైంది.

"నీకు తెలుసా?" అన్నాడు.

బావగారు చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

"అన్నయ్యా, నిన్నే. నీకు తెలుసా?"

"చిన్నవాణ్ణిరా. మంచం కింద దూరాను. అమ్మ నిన్ను మోకాళ్ళ మధ్య పట్టుకుంది. అక్క పరిగెత్తుకొచ్చి లాగేసింది. ఈలోగా నాన్న వచ్చి 'ఎవరు?' అన్నాడు. అక్క 'నేనే' అంది. ఇంక నేనేం చెప్పను? అది ఒప్పేసుకుందిగా!"

నా నోరు ఊరుకోలేదు. అప్పటిదాకా నాకు తట్టని సంగతి ఒక్కసారిగా తట్టింది. "బావగారూ, మీ పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒక్క పూటైనా అత్తయ్య దగ్గర వదిలారా?" అన్నాను. ఆయన పిల్లల్ని చంకలో వేసుకుని బీమా పాలసీలు అమ్మడానికి కూడా వెళ్ళేవాడని మా తోటికోడలు నవ్వుతూ చెప్పేది. అంత ముద్దు చేసే తండ్రిని చూడలేదని మురిసిపోయేది. ఆయన నా వంక చూడలేదు. చల్లారిన టీ తీసుకుని తాగాడు. మా పిల్లని మాత్రం అక్కడ వదిలించడానికి ఆయనకి అభ్యంతరం లేకపోయింది. పాత సంగతి బయటపడటం కంటే అదే మేలనిపించింది కాబోలు.

"ఎందుకన్నావు నేనేనని?" అని మా ఆయన అక్కని అడిగాడు.

వదిన మళ్ళీ కూర్చుంది. "అంతకుముందు ఒకసారి అమ్మ నిన్ను తీసుకెళ్ళి రోడ్డు మీద వదిలేసి వచ్చేసింది. నీకు గుర్తుండదులే. ఎవరో తెచ్చి అప్పజెప్పారు. ఇంకోసారి ఇలాంటిది జరిగితే ఆస్పత్రిలో పడేసి వస్తా, మళ్ళీ తీసుకురానని నాన్న అన్నాడు. నేను మెట్ల మీద ఉండి విన్నా. నాకు అమ్మ కావాలనిపించింది. అంతే. పెద్దగా ఏం ఆలోచించలేదు. బడి మానిపిస్తాడని అనుకోలేదు."

మేమందరం అత్తగారి వైపు చూశాం. నేను ఏడుపు చూస్తాననుకున్నాను, లేదా శాపనార్థాలు వింటాననుకున్నాను. ఆవిడ ఒళ్ళో రుమాలు ఒకటి సాపు చేస్తూ, చిరిగిన గుడ్డ గురించి చెప్పినట్టు చెప్పింది.

"వాడు ఏడుపు ఆపలేదు. పొద్దుట్నుంచీ ఏడుపే."

కూతురి వంక చూడకుండానే మళ్ళీ అంది. "దాని బడి మానిపించొద్దని మీ నాన్నతో చెబుదామనుకున్నా. చెప్తే ఎందుకని అడుగుతాడు కదా."

ఈ మాట విన్నప్పుడు నాకు ఆ ముసలావిడని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. వెంటనే ఇంకోటి కూడా అనిపించింది, దాన్ని దాచి లాభం లేదు. నా చేతుల్లో పాప ఇంకా గుక్క పట్టి ఏడుస్తూనే ఉంది. నిద్ర లేని రోజుల్లో ఆ ఏడుపు చెవుల్లో పడీ పడీ నా పళ్ళు వాటంతటవే బిగుసుకున్న సందర్భాలు నాకు తెలుసు. నాకు పక్కన మనిషి ఉన్నాడు, డాక్టరు ఉంది, ఫోనులో మా అమ్మ ఉంది. ఆవిడకి పోయిన బిడ్డ ఒకటి, ఎదురుగా కాలే పెట్టె ఒకటి ఉన్నాయి. జాలిపడటానికి కూడా నాకు మనసొప్పలేదు. పాపని గుండెలకి అదుముకుని గది మూలకి వెళ్ళి నిలబడ్డాను.

"ఇప్పుడేం చెయ్యదేమో," అంటోంది వదిన, ఎవరితోనో తెలియకుండా. "నాకూ తెలుసు. కానీ ఏ పసిపిల్ల ఏడుపు విన్నా అమ్మ మెడ నరం బిగుసుకుంటుంది. కింద కొట్టుకి పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్ళు ఉంటారు కదా, అప్పుడు చూశా. ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నా."

మా ఆయన లేచాడు. అక్క దగ్గరికి వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. "ఎందుకు చెప్పావక్కా ఇప్పుడు?" అన్నాడు. ఆ మాటలో కృతజ్ఞత లేదు. చెప్పి తప్పు చేశావన్నట్టే అడిగాడు. చెక్క మెట్లు దడదడలాడేలా దిగి, సగం దించిన షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే బావగారు అత్తగారిని తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ ఇంట్లో ఇప్పుడు పసిపిల్లలు ఎవరూ లేరు. వెళ్ళేటప్పుడు అత్తగారు తన దుప్పట్లు ఎలా ఉతకాలో పెద్దోడి ఇంట్లోవాళ్ళకి చెప్పమని వదినతో అందట. వదిన చెప్పిందట. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు.

మా ఆయన రోజూ లిఫ్టు గోతుల్లోకి దిగి వస్తున్నాడు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దం ముందు చాలాసేపు నిలబడుతున్నాడు. వెళ్ళి అక్కతో ఒక్క మాట మాట్లాడమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "ఏం మాట్లాడను? సారీ అననా? బస్సులో కాలు తొక్కితే అంటారు సారీ" అన్నాడు. ఇంకోసారి, "చిన్నప్పట్నుంచీ ఒక్కళ్ళనే అసహ్యించుకున్నానే నేను. ఇప్పుడు ఆ మనిషే కాదంటే ఎలా? అమ్మని అసహ్యించుకోవడం నాకు చేతకావట్లేదు" అన్నాడు. నిజం తెలిస్తే మనసు తేలికపడుతుందని ఎవరు చెప్పారో గానీ, మా ఇంట్లో అది ఇంకా బరువెక్కింది.

నా సెలవు ఆఖరి రోజున మాత్రం, అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా, "పాపని అక్క దగ్గరే దింపు. నువ్వే తీసుకెళ్ళు. నేను రాను" అన్నాడు. అదే చాలనుకున్నాను. ముప్పై ఏళ్ళ తర్వాత ఆవిడ చేతుల మీద పడ్డ ముద్ర తుడిచేశాడని సంబరపడ్డాను. నా తొందర నాది.

మర్నాడు పొద్దున్నే పాల సీసాలు, గుడ్డలు సంచిలో సర్దుకుని వెళ్ళాను. కొట్టులో బల్ల దగ్గర కొత్తగా పెట్టుకున్న మనిషి ఉంది. పైన గది పూర్తిగా మారిపోయింది. కిటికీకి కొత్త పరదా. నేల మీద మెత్తటి పరుపు, దాని మీద చిన్న చిన్న దుప్పట్లు, ఒక్కోటీ వేలెడంత మడతతో పేర్చి ఉన్నాయి. అగ్గిపెట్టె దగ్గర నుంచి పొయ్యి దాకా వేడి పుట్టించేది ఏదీ ఆ అంతస్తులో లేదు, అన్నీ కిందికి చేరేసింది. తన టీ కూడా కిందే కాచుకుంటోంది. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా ముందు నిలబడింది.

నేను పాపని అందించాను. వదిన చేతులు ముందుకొచ్చాయి. వచ్చి, మధ్యలో ఆగిపోయాయి.

"నువ్వు వెళ్ళిపోతావా ఇప్పుడు?"

"ఆఫీసు కదా వదినా."

"ఒక్క మాట చెప్పాలి. వాళ్ళకి చెప్పలేదు. నీకు చెప్పకపోతే తప్పు." చేతులు వెనక్కి తీసుకుని కొంగుతో లేని తడి తుడుచుకుంది. "నేను బళ్ళో ఉన్నానని నాకు తెలుసు. అమ్మ చేతిలోంచి లాక్కున్నాననీ తెలుసు. కానీ నాకు గుర్తున్నది అది కాదమ్మా. నాకు గుర్తున్నది నేను పెట్టడమే. వాడి బుగ్గ మెత్తగా తగలడం, ఆ చప్పుడు, అన్నీ గుర్తున్నాయి. నాన్న ఎలా చేశావు, ఎందుకు చేశావు అని అడిగేవాడు. చెప్పేదాన్ని. వచ్చినవాళ్ళందరూ అడిగేవాళ్ళు. చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ అదే మిగిలింది. ఏది నిజమో నాకు తెలుసు. ఈ చేతులకి తెలియట్లేదు."

"మీరేం చెయ్యలేదు వదినా. బావగారు చూశారు. అత్తయ్య కూడా ఒప్పుకుంది. మీరు ఆపారు."

"తెలుసు," అంది ఆవిడ. నన్ను ఓదార్చడానికి అన్నట్టుగా అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో ప్రతివాళ్ళ మీదా, పోయిన మామగారి మీద కూడా పిచ్చి కోపం వచ్చింది. ఆవిడ బడి తీసుకున్నారు, పెళ్ళి తీసుకున్నారు, సరే. చెయ్యని పని జ్ఞాపకం కూడా ఆవిడకే అంటగట్టి వదిలేశారు. నేను చెప్పగలిగిన మాటలన్నీ చెప్పాను. అన్నిటికీ తల ఊపింది. చేతులు మాత్రం చాపలేదు.

చివరికి ఆవిడ పరుపు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను పాపని ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టాను. పాప కొత్త మొహం వంక కాసేపు చూసి, ఆవలించి, నిద్రపోయింది. వదిన ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. రెండు అరచేతులూ చెరోపక్క నేలకి ఆనించే ఉంచింది. దుప్పటి పాప కాళ్ళ మీద నుంచి జారిపోతే, సర్దమని నాకు కళ్ళతో సైగ చేసింది.

సంచి భుజాన వేసుకుని లేవబోయాను.

"ఇంకాసేపు ఉంటావుగా?" అంది.

ఉంటానన్నాను. సంచి కింద పెట్టి, ఆవిడ చేతులు నాకు కనబడే చోట కూర్చున్నాను.